ఆ టీ ఎవరు తాగారు?

“సినిమాలు చూడ్డానికి ఫీజు కడుతున్నావట్రా?” అని అడిగింది మా అమ్మ, తెనాలి నుంచి ఫోన్లో. ఆ వార్త వాట్సాప్ గ్రూపుల మీదుగా, మా చిన్నాన్న గారింటి మీదుగా తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడింది. “ఫీజు లేదమ్మా. ఇక్కడ ప్రభుత్వ బడిలో పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితమే” అన్నాను. “ఉచితమైతే మాత్రం?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, అప్పటికి నా అనుమానమూ అదే.

ఇది 2017 నాటి మాట. మేముండేది ఇంగ్లండులో, రెడింగ్‌లో. మా అమ్మాయి మన పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలకి చదువుతోంది. ఆ తర్వాతి రెండేళ్ళకి సబ్జెక్టులు ఎంచుకుని ఫారం నింపాలి. మన ఇంటర్ లాంటిదాన్ని ఇక్కడ ఏ లెవెల్ అంటారు. ఎంపీసీ, బైపీసీ అని గ్రూపులేమీ ఉండవు. మామూలుగా మూడు సబ్జెక్టులు, దేనితో దేన్నైనా కలుపుకోవచ్చు. మొదటి గడిలో లెక్కలు, రెండో గడిలో ఎకనామిక్స్ రాసింది. మూడో గడిలో ఫిజిక్స్ వస్తుందని నేనూ మా ఆవిడా రెండేళ్ళుగా లోలోపల అనేసుకున్నాం. ఆ సంగతి పిల్లకి చెప్పలేదు, అంతే. తను ఫిల్మ్ స్టడీస్ అని రాసుకొచ్చింది.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నేను తెనాలి వాణ్ణి. సూపర్‌స్టార్ కృష్ణ పుట్టిన బుర్రిపాలెం మాకు సైకిల్ దూరం. మార్నింగ్ షోకి వెళ్ళి, బయటికొచ్చి, అదే సినిమాకి మళ్ళీ మ్యాట్నీ టికెట్ తీసుకున్న రోజులున్నాయి. ఇంటర్వెల్లో సోడా తాగుతూ సెకండాఫ్ ఎలా ఉండాలో దర్శకుడికంటే ముందు తేల్చేసేవాళ్ళం. అలాంటి ఊరినుంచి వచ్చిన వాడి కూతురికి సినిమా ఎలా చూడాలో ఇంగ్లీషు బడిలో ఒక టీచరమ్మ నేర్పుతుందా!

నా అభ్యంతరానికి ఆధారం కూడా సంపాదించాను. ఇక్కడ రసెల్ గ్రూప్ అని 24 పెద్ద యూనివర్సిటీల కూటమి ఒకటుంది. ఏ సబ్జెక్టులు తీసుకుంటే ముందు ముందు ఎక్కువ కోర్సులకి దారి ఉంటుందో చెప్తూ 2011 నుంచి ఒక మార్గదర్శిని విడుదల చేసేవాళ్ళు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర, భూగోళం, భాషలు. ఆ జాబితాలో ఫిల్మ్ స్టడీస్ లేదు. ప్రింటు తీసి, గీత గీసి, భోజనాల దగ్గర టేబుల్ మీద పెట్టాను. అమ్మాయి పైనుంచి కిందికి ఒకసారి చదివి, “ఇందులో ఎకనామిక్స్ కూడా లేదు నాన్నా. దాన్నేం అనవేం?” అంది. మళ్ళీ చూసుకున్నాను. నిజంగానే లేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, 2019 మే నెలలో, మా అమ్మాయి బ్యాచ్ పరీక్షలు రాసే రోజుల్లోనే, ఆ జాబితాని రసెల్ గ్రూప్ వాళ్ళే ఎత్తేశారు. ఇన్నేళ్ళూ దాన్ని చూపించి ఎంతమంది తండ్రులు ఎంతమంది పిల్లల మూడో గడి మార్పించారో!

ఆ రెండేళ్ళూ ఇంట్లో జరిగింది చూశాక నా అభిప్రాయం మారింది. పూర్తిగా తిరగబడింది అనను, మారింది. పదహారు పదిహేడేళ్ళ వయసులో సినిమాని ఒక సబ్జెక్టుగా చదవడం విలాసం కాదనీ, సినిమావాళ్ళు అవ్వాలనుకునే పిల్లలకి మాత్రమే పనికొచ్చేది అంతకన్నా కాదనీ ఇప్పుడు నమ్ముతున్నాను. మా అమ్మాయి సినిమా రంగంలోకి వెళ్ళలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే “ఇంతకీ ఇప్పుడు ఏం తీస్తోంది?” అని అడుగుతారు. ఏమీ తీయట్లేదు. ఆస్పత్రుల లెక్కలు చూసే ఉద్యోగం చేసుకుంటోంది.

వీళ్ళు చదివేదేమిటో మొదట నాకూ తెలీదు. 2017లో ఆ సబ్జెక్టుకి కొత్త సిలబస్ వచ్చింది, మా అమ్మాయిది మొదటి బ్యాచ్. ఎడ్యుకాస్ అనే పరీక్షల బోర్డు సిలబస్ అది. రెండేళ్ళలో మొత్తం 11 సినిమాలు. పాత హాలీవుడ్‌వి రెండు, 2005 తర్వాతి అమెరికన్‌వి రెండు, 1995 తర్వాతి బ్రిటిష్‌వి రెండు, మిగతా ప్రపంచం నుంచి రెండు, ఒక డాక్యుమెంటరీ, ఒక మూకీ, ఒక ప్రయోగాత్మక సినిమా. రెండు రాతపరీక్షలు, ఒక్కోటి రెండున్నర గంటలు, ఒక్కోదానికి 35 శాతం మార్కులు. మిగతా 30 శాతానికి సొంతంగా 4 నుంచి 5 నిమిషాల సినిమా తీయాలి, లేదంటే స్క్రీన్‌ప్లే రాసి స్టోరీబోర్డు ఇవ్వాలి. తీసింది ఎందుకు అలా తీశారో వ్యాసం కూడా రాయాలి.

రెండేళ్ళకి 11 సినిమాలేనా అని నవ్వాను. వారానికి మూడు చూసేవాళ్ళం మేము. అయితే వీళ్ళు చూసే తీరు వేరు. రెండు గంటల సినిమాలో నాలుగు నిమిషాల ముక్కని నాలుగు క్లాసులు చూస్తారు. ఒకసారి మాట ఆపేసి బొమ్మ మాత్రమే. ఒకసారి బొమ్మ మూసేసి శబ్దం మాత్రమే. ఒకసారి ఎన్ని కట్‌లు ఉన్నాయో బల్ల మీద తట్టుకుంటూ లెక్కపెడతారు. మా అమ్మాయి మొదటి వ్యాసంలో ‘ఈ పాత్ర చాలా ఒంటరిది’ అని రాసింది. టీచర్ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక్క మాట రాసిచ్చింది: ‘ఎక్కడ?’

ఆ ‘ఎక్కడ?’ మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. హీరోయిన్ బాగా చేసింది అంటే, ఎక్కడ? సెకండాఫ్ ల్యాగ్ అంటే, ఎక్కడ? విలన్‌ని చూస్తేనే భయమేస్తుంది అంటే, ఎక్కడ, ముఖంలోనా, కెమెరా కింద ఉండటం వల్లా, వెనక వచ్చే సంగీతం వల్లా, లేక అతను వచ్చే ముందు అందరూ మాట్లాడ్డం మానేయడం వల్లా? మా ఆవిడ రెండు వారాలు భరించి, “ఇంక మనం సినిమా చూసి బాగుంది అనుకోకూడదా ఏంటే!” అంది. అనుకోవచ్చట. ఎందుకు బాగుందో కూడా చెప్పాలట.

మనం రోజంతా సినిమా గురించే మాట్లాడతాం. తెలుగువాళ్ళు పదిమంది చేరితే, అది రెడింగ్‌లో పుట్టినరోజు పార్టీ అయినా తెనాలిలో పెళ్ళిపందిరి అయినా, పది నిమిషాల్లో మాట సినిమా మీదికి వెళ్తుంది. కానీ ఆ మాటల్లో ఏముంటుంది? మొదటిరోజు కలెక్షన్, ఓవర్సీస్ ఎంత, ఎవరు ఎవరి రికార్డు కొట్టారు, రేటింగ్ ఎంత ఇచ్చారు. తెర మీద ఉన్నదాని గురించి ఒక్క ముక్క ఉండదు. నేనూ అంతే. నలభై ఏళ్ళు సినిమాలు చూసినవాణ్ణి, నన్ను నిలబెట్టి ఎక్కడ అని అడిగితే నీళ్ళు నమిలాను.

నీళ్ళు నమిలింది ఎక్కడో కూడా చెప్తాను.

మిగతా ప్రపంచం సినిమాల జాబితా తెచ్చి చూపించినప్పుడు ఎగిరి గంతేశాను. యూరప్ బయటి సినిమాల్లో మణిరత్నం తీసిన ‘దిల్ సే’ ఉంది, 1998. మన ‘ప్రేమతో’! తెలుగు డబ్బింగ్‌లో విజయవాడలో చూశాను. బ్రిటిష్ పిల్లల ఇంటర్ సిలబస్‌లో మన బెజవాడలో ఆడిన సినిమా. వెంటనే వాట్సాప్‌లో పెట్టాను, మా అమ్మ దగ్గరికి చేరేలా. కానీ జాబితాలో ఉన్నంత మాత్రాన బడిలో చెప్పాలని లేదు, ఏది చెప్పాలో టీచర్ ఇష్టం. వీళ్ళ టీచర్ బ్రెజిల్ సినిమా ‘సిటీ ఆఫ్ గాడ్’ తీసుకుంది. దానికి ఇక్కడ 18 సర్టిఫికెట్. పదహారేళ్ళ పిల్లలకి చూపిస్తున్నాం, అభ్యంతరం లేకపోతే సంతకం పెట్టండి అని ఇంటికి ఉత్తరం వచ్చింది. మా ఆవిడకి టెన్షన్. ఇద్దరం ముందు రోజు రాత్రి ఆ సినిమా చూసి, కాసేపు ఏమీ మాట్లాడుకోకుండా కూర్చుని, సంతకం పెట్టాం.

సరే, బడిలో చెప్పకపోతే ఏం, ఇంట్లో నేను చెప్తాను అన్నాను. శనివారం రాత్రి ‘దిల్ సే’ పెట్టుకున్నాం. మొదలవక ముందే మొదటి సీను నేనే చెప్పేశాను. రాత్రి, గాలివాన, ఎవరూ లేని రైల్వే ప్లాట్‌ఫాం. షారుఖ్ ఖాన్ సిగరెట్‌కి అగ్గిపెట్టె వెతుక్కుంటూ దుప్పటి కప్పుకున్న ఒక మనిషిని అడుగుతాడు. గాలికి దుప్పటి ఎగిరితే మనీషా కొయిరాలా. అతనికి మాట రాదు. కాసేపటికి ఆమె టీ కావాలంటుంది. పరిగెత్తి తెస్తాడు. ఇద్దరూ ఆ వానలో కూర్చుని టీ తాగుతారు. అప్పుడు రైలొస్తుంది, ఆమె వెళ్ళిపోతుంది. ఆహా, ఆ టీ తాగే ముక్క చూడు, మణిరత్నం అంటే అదీ అన్నాను.

సీను వచ్చింది. అగ్గిపెట్టె సరే. దుప్పటి సరే. టీ తేవడానికి పరిగెత్తాడు, సరే. అతను తిరిగొచ్చేసరికి రైలు కదిలిపోయింది. ఆమె అందులో ఉంది. అతను టీ పట్టుకుని వానలో నిలబడ్డాడు.

ఇద్దరూ కలిసి టీ తాగిన సీను లేదు.

“డబ్బింగ్‌లో ఉండుండాలి” అన్నాను. “డబ్బింగ్‌లో మాటలు మారతాయి నాన్నా, టీ రాదు” అంది. వెనక్కి తిప్పించాను. మళ్ళీ చూశాం. లేదు. దాదాపు ఇరవై ఏళ్ళు నేను కళ్ళకి కట్టినట్టు గుర్తుపెట్టుకున్న సీను, ఆవిరి పొగతో సహా, ఎవరూ తీయలేదు. నేనే తీసుకున్నాను.

అమ్మాయి నన్ను ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. దానికి ఆ తప్పే ఆసక్తిగా అనిపించింది. “నీకు ఆ టీ ఎందుకు కావాల్సి వచ్చిందో ఆలోచించు. సినిమా అతనికి ఇవ్వలేదు, నువ్వు ఇచ్చావు. అతను ప్రతిసారీ దగ్గరికి వెళ్తాడు, ఆమె ప్రతిసారీ వెళ్ళిపోతుంది, సినిమా మొత్తం ఇంతే కదా. అది మొదటి సీన్లోనే చెప్పేశాడు. నువ్వు అది వినకుండా లవ్ స్టోరీ చూశావు” అంది. సీను అవ్వగానే రైలు పైన ఆ పాట వస్తుంది కదా, ఆ సంతోషం వెనక్కి పాకి టీ దాకా వచ్చిందేమో అని కూడా అంది. దీన్ని వాళ్ళ సిలబస్‌లో ‘స్పెక్టేటర్‌షిప్’ అంటారట. చూసేవాడు తెరకి ఏం తెచ్చిపెడతాడు అన్నది.

మనకి దీనికి ఇంతకంటే మంచి మాట ఉంది. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందిగా. తెరిచినవాళ్ళకి ఎవరికి ఏది ప్రియమో అదే కనబడుతుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. 1957లో మనవాళ్ళు తెర లోపల ఇంకో తెర పెట్టి, చూడ్డం అంటే ఏమిటో సరదాగా చెప్పి వెళ్ళారు. అందరం చూశాం, నవ్వుకున్నాం, ఇంటికొచ్చాం. ఆ పెట్టె గురించి బడిలో మాకు ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదు. నేను విజయవాడలో ‘ప్రేమతో’ చూడలేదు, ప్రియదర్శిని తెరిచాను.

దీనివల్ల నష్టం ఏముంది, ఒక టీయే కదా అనొచ్చు. టీ దగ్గర ఆగితే ఏమీ లేదు. కానీ 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఒక నటుడు 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన రాష్ట్రం మనది. ఎన్టీఆర్ పాలన మంచిదా చెడ్డదా అన్న గొడవ ఇక్కడ వద్దు, మా ఇంట్లోనే దాని మీద రెండు పార్టీలున్నాయి. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా కృష్ణుడిగా, రాముడిగా ఆ ముఖాన్ని మనం చూసిన చూపుకీ, తర్వాత మనం వేసిన ఓటుకీ సంబంధం లేదని ఎవరూ అనరు. మరి ఒక బొమ్మ మనసులో ఎలా దిగుతుందో పదహారేళ్ళ పిల్లాడికి మనం ఏ క్లాసులో చెప్తున్నాం? ఇంకో రెండేళ్ళలో వాడికి ఓటొస్తుంది. సివిక్స్‌లో శాసనసభకి ఎంతమంది సభ్యులో బట్టీ పట్టిస్తాం, అంతటితో సరి.

ఇప్పుడు తెర జేబులోకొచ్చింది. పద్యాన్ని ప్రతిపదార్థంతో చదివించిన బడి, రోజుకి గంటల కొద్దీ బొమ్మలు చూసే పిల్లలకి ఒక్క షాట్‌కి కూడా ప్రతిపదార్థం చెప్పించదు. మన తెలుగు మాస్టర్లు పద్యం దగ్గర చేసిన పని సరిగ్గా ఇదే కదా. ‘ఈ విశేషణం ఇక్కడ ఎందుకు వేశాడ్రా?’ అని నిలదీసేవాళ్ళు. ఆ ‘ఎందుకు’కీ, మా అమ్మాయి టీచర్ పెన్సిల్‌తో రాసిన ‘ఎక్కడ’కీ తేడా లేదు.

డిగ్రీలోనో పీజీలోనో చదువుకోవచ్చుగా, ఇంటర్ వయసులోనే ఎందుకు అని మా బావమరిది వాదన. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో మొదలైంది, డిగ్రీ అయినవాళ్ళు వెళ్ళేది, అక్కడ నేర్చుకుంటారుగా అంటాడు. అక్కడ నేర్చుకునేది సినిమా తీయడం. తీసేవాళ్ళు వందమంది, చూసేవాళ్ళు కోట్లమంది. అందులోనూ పదహారు అంటే, చూసిన ప్రతిదీ లోపలికి దిగిపోయే వయసు. జుట్టు ఎలా దువ్వుకోవాలి, ఆడపిల్లతో ఎలా మాట్లాడాలి, కోపం వస్తే ఎవరి కాలర్ పట్టుకోవాలి, అన్నీ మేం తెర మీంచే తెచ్చుకున్నాం. ఒకమ్మాయి వద్దు అన్నా వెంటపడటమే ప్రేమ అని నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, పాటలు నేర్పాయి. ఇరవై మూడేళ్ళొచ్చాక పాఠం చెప్తే అప్పటికే అవన్నీ అలవాట్లై కూర్చుంటాయి.

అన్నీ ఇలా గంభీరంగానే ఉంటాయనుకోకండి. నాకు ఆ సిలబస్‌లో అన్నిటికంటే నచ్చింది మూకీల కాలం నాటి అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్. 1920లో తీసిన ‘వన్ వీక్’, ఇరవై నిమిషాలు ఉంటుందేమో. కొత్త దంపతులకి విడిభాగాలుగా, పెట్టెల్లో ఇల్లు వస్తుంది. ఆమెని పెళ్ళాడలేకపోయినవాడొకడు పెట్టెల మీద అంకెలు మార్చేస్తాడు. ఇల్లు అష్టవంకర్లుగా లేస్తుంది. చివరికి ఆ ఇంటిని లాక్కెళ్తుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలొస్తోంది. లాగుతారు, తోస్తారు, ఇక లాభం లేదని పక్కకి తప్పుకుని కళ్ళు మూసుకుంటారు. రైలు ఇంటిని తాకకుండా పక్క పట్టాల మీంచి వెళ్ళిపోతుంది. హమ్మయ్య అని మనం ఊపిరి వదిలే లోపు రెండో వైపు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని పిండి పిండి చేసేస్తుంది.

మా అమ్మాయి దీన్ని స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసింది. మొదటి రైలు దాటడానికీ రెండోది గుద్దడానికీ మధ్య ఎంతసేపు, మన నవ్వు ఎక్కడ మొదలవుతుంది అని. పట్టాలు రెండు జతలున్నాయని మనకి తెలియకుండా కెమెరాని ఎక్కడ పెట్టాడో కాగితం మీద గీసి చూపించింది. కెమెరా నాలుగడుగులు పక్కకి జరిగి ఉంటే ఆ జోకు లేదు. హాస్యం అంటే డైలాగు రైటరు పంచ్ అనుకుని పెరిగినవాణ్ణి నేను. ఒక మాట లేకుండా, కెమెరా నిలబడ్డ చోటుతో నవ్వించొచ్చని నలభై దాటాక ఇంటర్ చదివే కూతురి నోట్‌బుక్‌లో చూశాను. కెమెరా అని గీసిన చిన్న త్రిభుజం, రెండు గీతలు పట్టాలు, ఒక డబ్బా ఇల్లు. ఫిజిక్స్ బొమ్మలాగే ఉంది.

ఇంత చెప్పాక లోపాలు చెప్పకపోతే అన్యాయం. పరీక్ష దగ్గర పడేసరికి ఇక్కడి పిల్లలూ మన పిల్లల్లాగే తయారయ్యారు. ఒక్కో సినిమాకి మూడు సీన్లు, ఒక్కో సీనుకి ఐదు పాయింట్లు, రంగు రంగుల కార్డుల మీద రాసుకుని బస్సులో బట్టీ. మార్కుల కోసం ఏ సీనుకి ఏ వ్యాఖ్య సరిపోతుందో అందరికీ ఒకటే కార్డు. అంటే, ‘ఎక్కడ?’ అన్న ప్రశ్నకి కూడా రెడీమేడ్ జవాబులు వచ్చేశాయి. ఈ విషయంలో ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే ఇంకో చదువు, వాళ్ళది మెరుగని నాకనిపిస్తుంది. వాళ్ళ ఫిల్మ్ కోర్సులో రాతపరీక్ష అంటూ లేదు. ఒక సినిమాలోంచి ఐదు నిమిషాలకి మించని ముక్క తీసుకుని 1,750 పదాల లోపు విశ్లేషించడం, రెండు సినిమాలు పోల్చి వీడియో చేయడం, సొంతంగా తీయడం. హాల్లో గడియారం చూసుకుంటూ సినిమా గురించి రాయడం నాకు ఇప్పటికీ అర్థం లేని పనిగానే కనిపిస్తుంది.

సినిమాల ఎంపిక ఇంకో గొడవ. 11లో ఆరు అమెరికా, బ్రిటన్‌వి. మిగతా భూగోళానికంతటికీ కచ్చితంగా దక్కేది రెండు, అందులో ఒకటి యూరప్‌కి. ఏడాదికి వందల సినిమాలు తీసే దేశానికి ఒక పేరు, అదీ టీచర్ దయ. ‘గ్లోబల్’ అని పేరు పెట్టి కిటికీ ఇంత చిన్నది చేస్తారా అని మా అమ్మాయే టీచర్‌ని అడిగింది. ఆవిడ ఒప్పుకుందట కానీ సినిమా మార్చలేదు. పైగా ఆ సబ్జెక్టుకి పిల్లలు తక్కువ. క్లాసులో పన్నెండు మంది. రెండో ఏడాది మధ్యలో, ఇంత తక్కువ మందికి టీచర్‌ని పెట్టడం దండగ, వచ్చే ఏడాది నుంచి ఎత్తేద్దామని బడివాళ్ళు తల్లిదండ్రుల మీటింగులో చెప్పారు. చెయ్యెత్తి అభ్యంతరం చెప్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. జాబితా ప్రింటు తీసిన నేనే! మా ఆవిడ పక్కన కూర్చుని నవ్వాపుకుంది.

మన దగ్గర ఇంటర్‌లో ఇది పెట్టాలా? ఇది తేలిగ్గా తేలే మాట కాదు. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో మాస్ మీడియా స్టడీస్ ఉంది, తీసుకునే పిల్లలు తీసుకుంటారు. మన ఇంటర్ గ్రూపుల్లో మాత్రం సినిమాకి చోటు లేదు. పెడితే ఏమవుతుందో కళ్ళ ముందు కనబడుతుంది. మూడు నెలల్లో ఏదో ఒక కాలేజీ మెటీరియల్ వేస్తుంది. ‘కింది వానిలో క్లోజప్ కానిది ఏది?’ అని నాలుగు ఆప్షన్లు. సినిమా చూపించరు, టైం వేస్టు. కథ సారాంశం, దర్శకుడి పేరు, సంవత్సరం, ముఖ్యమైన బిట్లు. ఆదివారం వీకెండ్ టెస్టు. హాస్టల్లో గోడ దూకి సెకండ్ షోకి వెళ్ళిన పిల్లాణ్ణి పట్టుకుని, ఫిల్మ్ స్టడీస్ పరీక్షకి చదవకుండా సినిమాకి వెళ్తావా అని తంతారు.

నవ్వుతున్నాను గానీ, ఆ భయంతోనే నేను కొత్త గ్రూపు కావాలని అడగను. తెలుగు పుస్తకంలో ఒక పాఠం చాలు. పద్యభాగం, గద్యభాగం ఉన్నట్టే ఒక దృశ్యభాగం. ఏడాదికి ఒకే ఒక్క సీను. నాలుగు నిమిషాలు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని సీనే పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మాస్టారు మూడు సార్లు వేసి చూపిస్తారు, ఒకసారి శబ్దం ఆపేసి. పెట్టెలో ఉన్నది మనకి ఎప్పుడు చూపించారు, ఎప్పుడు చూపించకుండా చూసేవాళ్ళ ముఖం చూపించారు? దీనికి ఆప్షన్లు ఇవ్వలేరు. ఖర్చూ లేదు, మాస్టారి ఫోన్ చాలు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి తన 30 శాతం సినిమా ఫోన్‌తోనే తీసింది. 2018 ఎండాకాలంలో మా అమ్మ ఆరునెలల విజిటర్ వీసా మీద వచ్చింది. వచ్చిన రెండో రోజు నుంచే వంటగదిలో పళ్ళెం ముందేసుకుని బియ్యం ఏరడం మొదలెట్టింది. ఇక్కడి ప్యాకెట్ బియ్యంలో రాళ్ళుండవమ్మా అంటే వినదు. “ఉండవని నీకెలా తెలుసు, ఏరితే కదా!” అనేది. మనవరాలికి కథ దొరికింది. ఒక ముసలావిడ రోజూ బియ్యం ఏరుతుంది, ఒక్క రాయీ దొరకదు. ఒకరోజు ఇంట్లో పిల్ల తోటలోంచి చిన్న రాయి తెచ్చి బియ్యంలో కలుపుతుంది. ముసలావిడకి అది దొరుకుతుంది. 4 నిమిషాల 40 సెకన్లు. ఒక్క డైలాగు లేదు.

తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. కిటికీ వెలుతురు సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకానే కావాలట. మా అమ్మ వేళ్ళు బియ్యంలో కదిలే షాట్ ఒక్కటే పద్నాలుగు సార్లు. “ఇదేనా చదువు? మా కాలంలో ఇది చేస్తే పనిమనిషి అనేవాళ్ళు” అని గొణుగుతూనే నాలుగయ్యేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చునేది. చీర మారిస్తే కంటిన్యుటీ పోతుంది నాయనమ్మా అంటే, ఒకే చీర తొమ్మిది రోజులు రోజూ ఉతికి ఆరేసి కట్టుకుంది. రాత్రిళ్ళు మనవరాలు లాప్‌టాప్ ముందు ఎడిటింగ్ చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ‘వన్ వీక్’ ఆవిడకి చూపించింది కూడా ఆ రాత్రుల్లోనే. రెండో రైలు వచ్చినప్పుడు మా అమ్మ నవ్విన నవ్వుకి పై అంతస్తులో పడుకున్న నేను లేచాను.

అంతా అయ్యాక హాల్లో టీవీకి పెట్టి మా నలుగురికీ చూపించింది. మా అమ్మ కళ్ళజోడు తుడుచుకుని బుద్ధిగా చూసింది. అయిపోగానే మొదటి మాట:

“నాకు రాయి దొరికినప్పుడు నవ్వాను కదే. ఆ ముక్క ఏదీ?”

“తీసేశాను నాయనమ్మా. నువ్వు అప్పుడు కెమెరాలోకి చూసి నవ్వావు. అలా చూస్తే ఇది సినిమా అని అందరికీ తెలిసిపోతుంది.”

“నేను కెమెరాలోకి ఎందుకు చూస్తానే? దాని వెనక నువ్వున్నావని చూశా.”

అమ్మాయి ఏమీ అనలేదు. రాత్రి పైకి వెళ్ళి ఆ షాట్ మళ్ళీ తెరిచింది. నేను నీళ్ళ కోసం లేచినప్పుడు గది తలుపు సందులోంచి కనిపించింది. మా అమ్మ తెర నిండా నవ్వుతోంది, ఈ పిల్ల దాన్ని ఆపుతోంది, వెనక్కి తిప్పుతోంది, మళ్ళీ వేస్తోంది. మర్నాడు బడికి పంపిన సినిమాలో మాత్రం ఆ ముక్క పెట్టలేదు. పెడితే కథ వేరే అయిపోతుంది అంది. ఆ పదకొండు సెకన్లూ విడిగా దాని ఫోన్లో ఉన్నాయి.